ఇస్త్రీ చేసిన కాగితం

ప్రియమైన కాగితాల వదినగారికి,

నేనెవరో మీకు తెలియదు. మీ దగ్గర పోస్టులో కాగితాలు తెప్పించుకునే చిట్టెలుక తల్లిని. పిల్ల మిమ్మల్ని అత్తయ్య అని రాసేదట కదా. ఆ వరసన మీరు నాకు వదిన అవుతారు. అందుకే చొరవ చేసి అలా పిలిచాను. నా చదువు ఐదో తరగతిలోనే ఆగిపోయింది. రాత కుదురుగా లేకపోతే ఏమనుకోకండి.

మొన్న మీ పార్సిల్ వచ్చింది. అందుకోవడానికి పిల్ల లేదు. జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అన్నారు. ఆసుపత్రిలో చేర్చాక తలకెక్కిందన్నారు. వానలు మొదలవకముందే పోయింది. ఇంతకంటే రాయలేను.

పార్సిల్ విప్పి చూశాను. నలుచదరంగా కోసిన రంగురంగుల కాగితాల కట్ట, సన్నమూతి పట్టకారు, ఎముకతో చేసిన చిన్న పలక. ఆ పలక దేనికో నాకు తెలుసు. అది లేక పిల్ల ఇన్నాళ్ళూ మడత మీద చెంచా వెనకవైపుతో రుద్దేది. "అమ్మా, నాకూ అసలైన పనిముట్టు వస్తోంది" అని సంబరపడింది. ఇకమీదట ఏమీ పంపకండి అని చెప్పడానికే ఈ ఉత్తరం.

మాది బట్టలు ఇస్త్రీ చేసే కొట్టు. ముందు గదిలో బల్లలు, వెనక గదిలో మేము. పిల్ల చిన్నప్పటి నుంచీ చేతికి దొరికిన కాగితమల్లా కొరికి చింపేది, అందుకే దానికి ఆ పేరు పెట్టుకున్నాం. పెద్దయ్యాక చింపడం మాని మడవడం పట్టుకుంది. బస్టాండులో టికెట్లిచ్చే కిటికీ దగ్గర పని దొరికితే, అక్కడా చిరిగిన టికెట్లతో కప్పలు చేసి వరసగా పెట్టేది. కప్ప పూర్తయ్యేదాకా చూస్తూ నిలబడి బస్సు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారట. అది జపాన్ వాళ్ళ విద్య అనీ, ఓరిగామి అంటారనీ మాకు చెప్పేది. మా ఆయన నవ్వేవారు. "మనం మడతలు పోగొట్టి బతుకుతుంటే, ఇదేంటే, మడతలు పెట్టి బతుకుతానంటుంది!"

మరొక సంగతి. పిల్ల మంచం కింద ఒక చెక్క పలక, దాని మీద పెద్ద కాగితం పరిచి ఉన్నాయి. కాగితం నిండా అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ముడతలే. ఎవరో నలిపి పారేసినట్టుంది. పిల్ల వస్తువు అలా ఉంటే నాకు మనసొప్పలేదు. పట్టుబట్టకి చేసినట్టు కాస్త తడి చూపించి, పైన పల్చటి గుడ్డ వేసి, కాక తగ్గించి నెమ్మదిగా ఇస్త్రీ చేశాను. ఇప్పుడు కొత్త కాగితంలా ఉంది. పంపమంటారా? ఏ పిల్లలైనా వాడుకుంటారు.

మీ వరసకు మరదలు,
చిట్టెలుక అమ్మ

~

ప్రియమైన చిట్టెలుక అమ్మగారికి,

మీ ఉత్తరం చదివి కొట్టు తలుపు మూశాను. మళ్ళీ చదివాను.

మీ అమ్మాయిని నేను ఎన్నడూ చూడలేదు. గొంతు కూడా వినలేదు. అయినా టపా వచ్చే వేళకి ఆ వంకర రాత కోసం నా కళ్ళు వెతుక్కుంటాయి. "అత్తయ్యా, మీరు పంపిన పచ్చ కాగితం మూడో మడతకే పగిలింది, ఇలా మోసం చేస్తే ఎలా" అని దెబ్బలాడేది. "పగిలింది కాగితం కాదే, నీ తొందర" అని నేను రాసేదాన్ని. కోపమొచ్చి రెండు ఉత్తరాలు అత్తయ్య అనకుండా 'అయ్యా' అని మొదలుపెట్టింది. నేను ఆడదాన్నని తెలిసీ!

ఏదీ వెనక్కి పంపకండి. అవి తన వస్తువులు, తన ఇంట్లోనే ఉండనివ్వండి.

ఒక్క మాట. ఆ పెద్ద కాగితం ఒకవైపు చింతగింజ రంగు, రెండోవైపు మీగడ రంగు ఉంటుందా? అయితే దాన్ని చుట్టకండి, ఎవరికీ ఇవ్వకండి. చదునుగా ఎక్కడైనా దాచండి. దయచేసి ఇంకోసారి మాత్రం ఇస్త్రీ చేయకండి.

మీ దుఃఖంలో పాలు పంచుకునే,
కాగితాల కొట్టు వదిన

~

ప్రియమైన వదినగారికి,

మీ ఉత్తరం మా ఆయన గట్టిగా చదివి వినిపించారు. చివరి మాట దగ్గర ఆగి నా మొహంలోకి చూశారు.

"ఇస్త్రీ చెయ్యొద్దంటోందేంటే?"

"పెద్దావిడ, జాగ్రత్తకి చెప్పుంటుంది" అన్నాను.

"జాగ్రత్తకైతే దయచేసి అని ఎందుకు రాస్తుంది?"

మా కొట్టులో ఎప్పుడైనా బట్టకి కాక ఎక్కువై మచ్చ పడితే, కొంతమంది మంచివాళ్ళు మొహం మీద అనలేక "ఈసారి కాస్త చూసుకోండమ్మా" అని మడిచి తీసుకెళ్ళిపోతారు. మీ మాట అచ్చం అలాగే ఉంది వదినగారూ.

కాగితం మీరు చెప్పిన రంగే. ఒకవైపు చింతగింజ, ఒకవైపు మీగడ.

నేను ఏం చేశానో చెప్పండి. మంచితనానికి పోయి దాచకండి. నాకు తగిలినదానికంటే పెద్ద దెబ్బ ఇంకేముంది?

జవాబు కోసం చూస్తూ,
చిట్టెలుక అమ్మ

~

ప్రియమైన చిట్టెలుక అమ్మగారికి,

ఈ జవాబు ఆలస్యం చేశాను. రాసి చింపి, రాసి చింపి, చివరికి రాస్తున్నాను. అడిగినదానికి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

చిన్న బొమ్మలైతే ఒక్కో మడతా వేసుకుంటూ పోతారు. పెద్ద పని అలా కాదు. ముందు ఏ మడత ఎక్కడ రావాలో కాగితం నిండా మడిచి, విప్పి, గీతలు పెట్టుకోవాలి. పైకి లేచే గీతని మీ అమ్మాయి గట్టు అనేది, లోపలికి దిగేదాన్ని గుంట అనేది. గట్లూ గుంటలూ అన్నీ పడ్డాక, కాగితం మళ్ళీ పరిచి, అన్నింటినీ ఒక్కసారిగా కూర్చాలి. అప్పుడే బొమ్మ లేస్తుంది. అందాకా చూసేవాళ్ళకి అది నలిగిన కాగితమే.

మీరు చూసిన ముడతలు అవే. పోయిన చలికాలం నుంచి తను పెడుతున్న గీతలు. కాగితం గట్టిపడాలని మీ గంజి గిన్నెలోంచి కాస్త తీసి నీళ్ళలో కలిపి పూసిందట కూడా. తను చేస్తున్నది తాబేలు. చిప్ప మీద ఉండే గళ్ళన్నీ లేచేలా, ఎవరి బొమ్మా చూసి కాదు, సొంతంగా.

మీకు తెలిసే దారి లేదు. ఈ మాట మీరు నమ్మాలి.

మీ,
వదిన

~

వదినగారికి,

తెలిసింది.

కొట్టు తెరిచే ఉంది. ఆయనే చేస్తున్నారు. నేను ఇస్త్రీ పెట్టె ముట్టుకోవడం లేదు. నిన్న ఒకాయన చొక్కా బల్ల మీద పెట్టి "ఒక్క గీత కనబడకూడదమ్మా" అన్నాడు. లోపలికి వెళ్ళిపోయాను. పాపం, ఆయన రోజూ అనే మాటే అది.

మీరు చెప్పకుండా ఉండాల్సింది. కాదు, నేనే అడిగాను. మిమ్మల్ని అనడం ఎందుకు.

పిల్ల ఆసుపత్రిలో పోయింది. అక్కడ నా చేతిలో ఏమీ లేదు. దాని పని మాత్రం నా చేతుల్లోనే పోయింది. పల్చటి గుడ్డ వేసి మరీ. ఒక్క మూల వదలకుండా. గంజి వాసన వస్తే, మా కొట్టు వాసనే కదా పట్టిందనుకున్నాను.

ఇక ఉత్తరాలు వద్దు వదినగారూ.

చిట్టెలుక అమ్మ

~

ప్రియమైన మరదలికి,

వద్దన్నా రాస్తున్నాను. ఇక మీరు అని కూడా అనను. వరస కలిపింది నువ్వే, పడు.

నా కొట్టులో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఒక పెద్దమనిషి ఖరీదైన పెద్ద కాగితం పట్టుకెళ్ళి, వారం తర్వాత తెచ్చాడు. "వాడలేదండీ, కొత్తదే, వెనక్కి తీసుకోండి." తళతళలాడుతోంది. నేను దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుగు పక్క నుంచి తగిలేలా వాల్చి పట్టుకున్నాను. కాగితం నిండా గీతలు. "ఏం చేద్దామనుకున్నారు, కుందేలా?" అని అడిగాను. ఆయన మొహం చూడాలి! "ఇస్త్రీ కూడా చేశానండీ..." అని నీళ్ళు నమిలాడు.

నీకు అర్థమైందా? కాగితాన్ని మడిస్తే లోపలి నార విరుగుతుంది. విరిగిన నార ఇస్త్రీకి అతుక్కోదు. పైకి చదును అవుతుంది అంతే. ఎదురుగా చూస్తే కనబడదు. వాలు వెలుగులో కనబడుతుంది. వేలికి తగులుతుంది. కాస్త వంచితే తన చోట తనే వంగుతుంది.

మీ అమ్మాయి మొదట్లో ఒక చిన్న కాగితంతో తాబేటి చిప్ప ఒక్కటీ చేసి, "బాగుందా, చెప్పండి" అని నాకు పంపింది. దాన్ని ఇందులో పెడుతున్నాను. విప్పి చూసుకో, భయపడకు, ఇది మళ్ళీ మడుచుకుంటుంది. ఏది గట్టో ఏది గుంటో దీన్ని చూస్తే తెలుస్తుంది. ఆ ఎముక పలక తియ్యి. గీత దొరికిన చోటల్లా దాంతో మెల్లగా గుర్తు చెయ్యి. కూర్చేటప్పుడు జారిపోకుండా బట్టలు ఆరేసే క్లిప్పులు పెట్టుకో. అవి మీ ఇంట్లో కొదవ లేదుగా.

నేను వచ్చేదాన్నే. మోకాళ్ళు కొట్టు మెట్లు కూడా దిగనివ్వడం లేదు.

నీ ఉత్తరం వచ్చేదాకా తిట్టుకుంటూ కూర్చునే,
వదిన

~

ప్రియమైన వదినగారికి,

చాలా రోజులు రాయలేదు. పనిలో పడ్డాను, అందుకని.

మీ ఉత్తరం వచ్చినప్పుడు చదవకుండా పక్కన పెట్టాను. ఆయన చదివారు. చెప్పాపెట్టకుండా కాగితం తెచ్చి, పొద్దుటి ఎండ ముందు గదిలోకి వాలుగా పడే చోట పట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి లోపలికి వినబడింది. "ఇదిగో! ఇదిగోనే! రా!" దొంగని పట్టుకున్నట్టు అరిచారు. వెళ్ళి చూశాను. వెంట్రుకలా సన్నగా, కాగితం నిండా దాని గీతలు. వదినగారూ, పిల్ల లేచి కూర్చున్నట్టు అనిపించింది.

అప్పటి నుంచి రోజూ ఎండ ఉన్నంతసేపు అదే పని. ఆయన వాల్చి పట్టుకుంటారు, నేను వేలితో వెతికి పలకతో రుద్దుతాను. "అది గట్టు." "కాదు, గుంట." "నీకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదే." "మీకు వేళ్ళు మొద్దుబారాయి." ఇన్నేళ్ళ కాపురంలో ఇన్ని మాటలు ఎప్పుడూ అనుకోలేదు. కొన్ని గీతలు ఎటూ కలవక మధ్యలో ఆగిపోయాయి. ఒక్కసారి మడిచి, ఇక్కడ కాదులే అనుకుని వదిలేసినట్టున్నాయి. అవి కూడా దొరికాయి. దాని పొరపాట్లు దొరికినప్పుడే నాకు ఎక్కువ మురిపెంగా ఉండేది.

నిన్న కూర్చాం. క్లిప్పులు పెట్టాం, తీశాం, పెట్టాం. చిప్ప ఎంతకీ లేవలేదు. ఒకచోట పక్క నుంచి నొక్కేసరికి గళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి లేచాయి.

"లేచిందే!" అన్నారాయన.

"మాట్లాడకండి, మీ ఊపిరికి పడిపోయేలా ఉంది" అన్నాను.

నాలుగు కాళ్ళు వచ్చాయి. కోసుగా చిన్న తోక వచ్చింది. కానీ తోకకి ఎదురుగా ఉన్న మూల మాత్రం అలాగే ఉండిపోయింది. మడత లేని ముక్కోణం, చిప్ప కింద నుంచి బయటికి పొడుచుకుని ఉంది. ఎంత వెతికినా అక్కడ గీత చేతికి తగలడం లేదు. అది ఏం కావాలి? నేనే దాన్ని పోగొట్టానా? నాకు అదొక్కటి చెప్పండి.

మీ మరదలు

~

ప్రియమైన మరదలికి,

తాబేలు లేచిందని చదివి, కొట్టులో ఉన్నవాళ్ళందరికీ చెప్పాను. ఒకామె "ఎవరి తాబేలండీ?" అంది. "మా మేనకోడలిది" అన్నాను.

ఆ మూల తల. తను రాసిన ఆఖరి ఉత్తరంలో ఉంది. "తల ఒక్కటే మిగిలింది అత్తయ్యా, దాని ఒడుపు ఇప్పుడే తట్టింది. ఈ ఆదివారం దాని సంగతి చూస్తాను" అని. ఆదివారం గీతలు పెట్టిందో లేదో నాకు తెలియదు. పెట్టే ఉంటుంది. అవి కొత్త గీతలు, మిగతావాటిలా పదేపదే రుద్దినవి కావు. అందుకే ఇస్త్రీకి ఆగి ఉండవు. అంతే అయి ఉంటుంది.

దానికి మనసు కష్టపెట్టుకోకు. తలకి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. మూలని నిలువుగా సగానికి నొక్కి, కొసని లోపలికి తిప్పు. మెడా ముక్కూ వస్తాయి. అదీ వద్దనుకుంటే మూలని చిప్ప కిందికి తోసెయ్. తాబేలు తల లోపలికి లాక్కుందనుకుంటారు. అడిగేదెవరు?

నీ వదిన

~

ప్రియమైన వదినకి,

ఈసారి 'గారు' వదిలేశాను. కోప్పడకండి.

మీ ఉత్తరంలో ఆదివారం అన్న మాట చదివి అక్కడే ఆగిపోయాను. ఆ ఆదివారం నాకు బాగా గుర్తుంది. పొద్దున పిల్ల ఆ చెక్క పలక ముందు కూర్చుని ఉంది. "టీ చల్లారిపోతోందే" అన్నాను. "ఉండమ్మా, ఇంకాసేపు" అంది. నేను కొట్టులోకి వెళ్ళిపోయాను. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. ఆ మధ్యలో అది ఆ మూల మడిచిందో, మడవాలనుకుని చూస్తూ కూర్చుందో నేను చూడలేదు.

అందుకని మళ్ళీ వెతికాను. తాబేలును విప్పలేదు, ఆ మూల ఎలాగూ బయటే ఉంది. పొద్దుటి ఎండలో చూశాను, సాయంత్రం దీపం పక్కన పెట్టి చూశాను. కళ్ళు మూసుకుని వేలి కొసతో తడిమాను. మెల్లగా వంచి చూశాను. గీత ఉంటే అక్కడ తనంతట తనే వంగాలి. అది మాత్రం విల్లులా గుండ్రంగా వంగి, వదిలితే మళ్ళీ చదునైపోతోంది.

గీత ఇస్త్రీకి ఆగలేదని మీరు రాశారు. నా బాధ తీర్చడానికి రాశారని తెలుసు. కానీ వదినా, ఒక్కసారి మడిచి వదిలేసిన గీతలు కూడా మాకు దొరికాయి. అవే ఆగినప్పుడు ఇవెందుకు ఆగవు? పాంటు మీద ఒక్కసారి తప్పుగా గీత పడితే, దాన్ని పోగొట్టలేక ఎన్ని తిట్లు తిన్నానో నాకే తెలుసు. నా పెట్టె ఏ గీతనీ మింగలేదు. అక్కడ అసలు గీతే లేదు.

"దొరికిందా?" అని ఆయన అడిగారు.

"లేదు. అది మడవనే లేదు."

"పోనీలే. అంటే నువ్వేమీ పాడు చెయ్యలేదన్నమాట" అన్నారు, ఓదార్చినట్టు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆసుపత్రిలో కూడా అంత ఏడవలేదు. ఆయన బిక్కచచ్చిపోయారు, తప్పు మాట అన్నానేమోనని. తప్పు మాటేం కాదు. నేను మొదట ఆ మూల తడిమింది నా తప్పు లేదని తేల్చుకోవడానికి కాదు వదినా. నా తప్పే అయితే బాగుండునని. నేను చెరిపి ఉంటే, అది గీసి ఉండేది. ఆ ఆదివారం తను అనుకున్నది చేసి, చూసుకుని, నవ్వుకుని, ఆ తర్వాతే ఒళ్ళు వెచ్చబడి ఉండేది. ఆ పాపం నేను బతికినన్నాళ్ళూ సంతోషంగా మోసేదాన్ని. నాకు ఆ పాపం కూడా దక్కలేదు. పిల్లకి పొద్దు చాలలేదు, అంతే.

ఆయన పట్టకారు తెచ్చి నా ముందు పెట్టారు. "మీ వదిన చెప్పినట్టు రెండు మడతలు వేసెయ్యవే. అది సంతోషిస్తుంది." నేను మూల పట్టుకున్నాను కూడా. సగానికి నొక్కబోయి ఆగాను. ఆ ఒడుపేదో ఇప్పుడే తట్టిందని రాసింది కదా మీకు. అది నాకు తెలియదు. మీకూ తెలియదు. మనం వేసేది తాబేలు తలే అవుతుంది కానీ, మా చిట్టెలుకకి తట్టిన తల కాదు.

అందుకని ఆ మూల మడవను వదినా. చిప్ప కిందికి తోసెయ్యను కూడా. తల లాక్కుందని జనం అనుకుంటే నాకెందుకు, అది అబద్ధం. తాబేలును కొట్టులో గల్లా పక్కన, బట్టలు అందుకునేవాళ్ళకి కనబడేలా పెట్టాను. పొద్దున్నే మళ్ళీ ఇస్త్రీ పెట్టె అందుకున్నాను. మొదటి బేరం ఆ చొక్కా ఆయనే. బట్టలు తీసుకుంటూ తాబేలు వైపు వంగి చూశాడు.

"భలే ఉందమ్మా. తల ఏది?"

మడవని మూల మీద వేలు పెట్టి, "మా అమ్మాయి ఇక్కడిదాకా వచ్చింది" అన్నాను.

మీ మరదలు,
చిట్టెలుక అమ్మ